ఏడున్నర రోజుల ఏలినాటి శని

గురువారం, మొదటి ఏడాది

మా తాత ముప్ఫయ్యేళ్ళు పంచాంగం రాశాడు గానీ, శనిని తప్పించుకోవడానికి హోటల్లో గది తీసుకోవచ్చని ఆయనకి తట్టలేదు. చేపల్ని ఐసులో వేసి తరలించే ఐసు ఓడల యజమాని వీరభద్రం గారికి తట్టింది. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు. ఈ రత్నాకర హోటల్ ఇరవై ఏడో అంతస్తులో ఒక రోజు గడిస్తే కింద విశాఖపట్నంలో ఏడాది గడుస్తుంది. అంటే వారం పైన ఒక పూట ఇక్కడ ఏసీలో కూర్చుంటే శని మన తల మీద నుంచి దాటిపోతాడన్నమాట. ఈ లెక్క విని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ళ నాన్నకి ఏలినాటి శనిలోనే మూడు ఓడలు మునిగాయి, నాలుగోదాంతో పాటు ఆయనా పోయాడు. భయపడ్డ మనిషి దగ్గర లెక్కలు పనిచేయవు.

మూడు తరాలుగా మేం వాళ్ళింటి సిద్ధాంతులం. అమ్మానాన్నా పోయాక మా తమ్ముడు సోముకి చదువు చెప్పించింది కూడా ఆయనే. అందుకని తోడు రమ్మంటే కాదనలేకపోయాను. ఒక్క షరతు పెట్టాను. మా సోము పెళ్ళికి మాత్రం కిందికి దిగుతాను, ముహూర్తం నేనే పెడతాను. ఆయన నా చేతిలో చెయ్యి వేశాడు.

పొద్దున్న సోము నా సంచీ మోసుకుని లిఫ్టు దాకా వచ్చాడు. వాడు హార్బర్లో టగ్గు నడుపుతాడు, పెద్ద ఓడల్ని తాడు కట్టి లోపలికి లాగే బుల్లి ఓడ. నాకంటే ఆరేళ్ళు చిన్న. నా చేత్తో అన్నం తిని పెరిగినవాడు. "నువ్వు దిగేసరికి నేనే నీకు అన్నయ్యనైపోతానక్కా," అన్నాడు నవ్వుతూ. అన్నవైనా చెవి మెలేస్తానని చెప్పి లిఫ్టెక్కాను. పదో అంతస్తు దాటాక చెవులు దిబ్బడ వేశాయి. అప్పుడే అనిపించింది, వాడికి అప్పుడే మధ్యాహ్నమైపోయి ఉంటుందని.

పైన గది మా ఇల్లంత ఉంది. ఒక గోడంతా కిటికీ. సూర్యుడు ఇటు నుంచి అటు దాటేలోపు నేను ఒక జడ అల్లుకోగలను. రెండో జడ వేసుకునేలోపు చీకటి వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని లోపల దీపాలు ఆర్పరు, ఎప్పుడూ లేత పసుపు రంగు వెలుగే, మాపటేళా కాదు, పొద్దూ కాదు. సముద్రం పోటూ ఆటూ ఊపిరి తీసుకున్నట్టు లేచి పడుతుంటాయి. కదిలేదేదీ కనబడదు. ఓడలూ లేవు, మనుషులూ లేరు. డాల్ఫిన్స్ నోస్ కొండా, క్రేన్లూ, గోడౌన్ల కప్పులూ, ఆగి ఉన్నవే కనబడతాయి. సోము టగ్గు పసుపు రంగుది. ఎంత వెతికినా నీళ్ళ మీద ఒక పసుపు మరక తప్ప ఇంకేమీ దొరకలేదు.

శుక్రవారం, రెండో ఏడాది

ఈ హోటలుకొచ్చేవాళ్ళందరిదీ ఒకటే వ్యాపారం, ఎదురుచూడటం. రొయ్యల ధర పెరగాలని ఒకాయన. ఓడ తిరిగి రావాలని ఇంకొకాయన. టిఫిను దగ్గర నా పక్కన కూర్చున్న రాజు గారికి స్థలం దావా ఉందిట. ఆయన పెసరట్టు తినేలోపు కోర్టులో ఒక వాయిదా పడింది. అల్లం పచ్చడి బాగుందని రెండో అట్టు వేయించుకున్నాడు, ఇంకో వాయిదా పడింది.

ఇక్కడి రోజుకి నేను అలవాటు పడుతున్నాను. తొమ్మిదింటికి బల్ల మీద బంగినపల్లి ముక్కలు. పదకొండింటికి వాన మొదలై సాయంత్రం దాకా పడుతుంది. రాత్రి భోజనానికి కూర్చోగానే ఊరంతా ఒక్కసారి దీపాలతో వెలిగి ఆరిపోతుంది. అది దీపావళి. నేను గారె తుంపి నోట్లో పెట్టుకునేలోపు అయిపోయింది. వీరభద్రం గారు చిన్నపిల్లాడిలా కిటికీకి ముక్కు ఆనించి చూశాడు.

మా కాఫీలు తెచ్చేది అప్పలకొండ. పనివాళ్ళు కింద కాపురాలుంటూ వంతులవారీగా పైకి వస్తారు. పైన అరగంట పనిచేస్తే కింద వారం గడిచిపోతుంది కాబట్టి ఎవరినీ ఎక్కువసేపు ఉంచరు. నిన్న పొద్దున్న తను మెడలో కొత్త పసుపుతాడుతో వచ్చింది. నిన్న రాత్రి ఏడో నెల. ఇవాళ మధ్యాహ్నం వచ్చి పిల్లకి పళ్ళొచ్చాయని చెప్పింది. ఆ పిల్లకి నామకరణం ఎప్పుడు చేశారే, నన్ను అడగలేదేమని కోప్పడ్డాను. "అడుగుదునమ్మా, మీరు కునుకు తీస్తన్నారు," అంది. నేను ఒక్క గంట పడుకున్నాను. ఆ గంటలో పురుడు, బారసాల రెండూ అయిపోయాయి.

ఫోను ఇక్కడ పనికిరాదు. సోముకి చేశాను. వాడి మాట తుమ్మెద రొదలా వినబడి ఆగిపోయింది. వాడికి నా మాట ఎలా వినబడిందో, ఒక్క "ఒరే" కోసం వాడు పది నిమిషాలు ఫోను పట్టుకుని కూర్చోవాలి పాపం. మళ్ళీ చేయలేదు. ఏదైనా ఉంటే అప్పలకొండ నోటి మీదే కబురు.

రాహుకాలం, వర్జ్యం మాత్రం వీరభద్రం గారు వదల్లేదు. ఏ సూర్యుణ్ణి బట్టి చూడమంటారండీ, అని అడిగాను. రాహుకాలం పూర్తయ్యేలోపు బయట ఇరవై సార్లు తెల్లారుతోంది మరి. ఆయన ఆలోచించి గోడ గడియారం చూపించాడు. మనం ఏ గాలి పీలుస్తున్నామో ఆ గాలి రాహుకాలమే మనకి, అన్నాడు. శాస్త్రంలో దీని గురించి ఏమీ రాయలేదు. సరేనన్నాను.

ఆదివారం, నాలుగో ఏడాది

నిన్న రాయలేదు. నిన్నంతా కలలోలాగే గడిచింది. ఈ వెలుగులో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కాఫీ తాగుతూ సముద్రం వైపు చూస్తే ఒక ఋతువు గడిచిపోతోంది, దానికి బాధగా కూడా అనిపించడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

ఇవాళ రాత్రి భోజనాల వేళ అప్పలకొండ ఒగురుస్తూ వచ్చింది. సోముకి పిల్ల కుదిరిందిట. పేరు హారిక. హార్బర్ సిగ్నల్ టవర్‌లో పని. ఏ ఓడ ఎప్పుడు కదలాలో ఆ పిల్లే చెబుతుందిట, మనవాడు ఆమె చెప్పినట్టు టగ్గు తిప్పుతాడుట. ఇక పెళ్ళయినా అంతేలే అనుకుని నవ్వుకున్నాను. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు వచ్చాయి. వాడికి జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజులు నాకు నిన్నటివి, వాడికి పెళ్ళి.

ఇద్దరి జాతకాలూ చూసి వైశాఖంలో సింహలగ్నానికి ముహూర్తం పెట్టాను. ఇంత మంచి ముహూర్తం నా చేతి మీదుగా ఎప్పుడూ పడలేదు. మా గడియారం ప్రకారం అది రేపు ఎనిమిది గంటలు దాటాక పడుతుంది. ఏడున్నర లోపే దిగితే పెళ్ళికి పది రోజుల ముందుంటాను. పందిరీ, పసుపు కొట్టడం, పెళ్ళికొడుకుని చేయడం అన్నీ నా చేత్తోనే. ఆ మాటే చెప్పి పంపాను.

అప్పలకొండ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. తల్లీ తండ్రీ అన్నీ మా అక్కే, తను లేందే నేను పీటల మీద కూర్చోనని సోము అన్నాడని చెప్పింది. మంచిదే, అక్క వస్తుందని చెప్పమన్నాను.

సోమవారం, అయిదో ఏడాది

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే తలంటుకుని పట్టుచీర కట్టాను. కుచ్చిళ్ళు సరిగా రాలేదని మళ్ళీ కట్టాను. సంచీ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చి అలవాటుగా గడియారం చూశాను. ఏడున్నర దాటి రెండు నిమిషాలు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం.

వీరభద్రం గారు వరండాలో నుంచి, రాహుకాలంలో గడప దాటుతావా అమ్మా, సిద్ధాంతి ఇంటి పిల్లవి, అన్నారు. ఆయన మీద నెట్టేయొచ్చు గానీ అది అబద్ధం. ఆయన అనక ముందే నా కాళ్ళు ఆగిపోయాయి. పుట్టింది మొదలు ఆ గంటన్నరలో నేను ఇల్లు కదలలేదు. అందులోనూ వెళ్ళేది శుభకార్యానికి. గంటన్నరే కదా, కూర్చుని వెళ్దాం అనుకున్నాను. కుర్చీ లాక్కుని కాఫీ కూడా తాగాను.

ముహూర్తానికి లెక్క కట్టిన మనిషిని, ఆకాశం లెక్క గడియారంలోకి మార్చిన మనిషిని, ఆ గంటన్నరని కింది ఇరవై మూడు రోజులుగా మార్చి చూసుకోలేదు. రాహుకాలాన్ని ఎవరూ కాలం కింద లెక్కపెట్టరు. అది గడిచిపోనిచ్చేది, అంతే. నేనూ గడిచిపోనిచ్చాను. కిటికీలో సూర్యుడు ఇటు నుంచి అటు, ఇటు నుంచి అటు దాటుతూనే ఉన్నాడు. చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదికి కిందికి దిగాను. లాబీలో మామిడాకుల తోరణాలు ఎండిపోయి ఉన్నాయి. రిసెప్షన్లో అమ్మాయి నన్ను చూసి నిలబడిపోయింది. పెళ్ళయి పన్నెండు రోజులైందని చెప్పింది. అంతకు ముందు పది రోజులూ సోము పనయ్యాక వచ్చి ఈ సోఫాలోనే కూర్చునేవాడట. పైకి రెండుసార్లు మనిషిని పంపారట. వచ్చిన కుర్రాళ్ళని రాహుకాలం అయ్యాక కబురు చెప్పమని వీరభద్రం గారు వరండాలోనే ఆపేశారట. పెళ్ళినాడు కూడా సోము పెళ్ళిబట్టలతో వచ్చి లిఫ్టు వంక చూస్తూ నిలబడ్డాడట. ముహూర్తం దాటిపోతోందని పెద్దలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారట. ఆ అమ్మాయి బల్ల కింద నుంచి ఒక పొట్లం తీసి ఇచ్చింది. అందులో ఆడపడుచు చీర ఉంది, నాలుగు మూలలా పసుపు పెట్టి.

ఇల్లు అక్కడికి అరగంట దూరం. ఆటో ఎక్కితే వెళ్ళిపోవచ్చు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాడు ఏమీ అనడు, అది ఇంకా బాధ. కొత్త పెళ్ళికూతురు, ఈవిడేనా మీ అక్క అన్నట్టు చూస్తుంది. పొట్లం పట్టుకుని మళ్ళీ లిఫ్టెక్కాను. ఇవాళ కాదు, రేపు వెళ్తాను అనుకున్నాను.

పైకి వచ్చి మంచం మీద పడి ఏడ్చాను. ఏడుపు ఆగేసరికి బయట వాన మొదలైంది.

మంగళవారం, ఆరో ఏడాది

రేపు అనుకున్నది ఇవాళ్టికి వచ్చింది. మధ్యలో వాడికి ఏడాది. ఈ ఏడాది అంతా అక్క రాలేదనుకుంటూ ఉండుంటాడు. నిన్న వెళ్ళలేని దాన్ని ఇవాళ ఏం చెప్పి వెళ్తాను? సిగ్గు పడటానికి కూడా ఇది మంచి చోటు కాదు. ఇక్కడ ఒక పూట సిగ్గుపడితే కింద ఆరు నెలలు.

నాకు వడ్డించబోయిన పెరుగు వీరభద్రం గారు తన చేత్తో తీసుకుని తనే వడ్డించాడు. నా మాట వల్లే కదమ్మా, అన్నాడు. కాదండీ, నా కాళ్ళే, అన్నాను.

మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గర ఉండగా నేనూ చూశాను. రేవులో ఆయన గోడౌన్ కప్పు మీద పెద్ద తెల్ల అక్షరాలతో ఆయన తండ్రి పేరు ఉంటుంది. ఆ పేరు కళ్ళ ముందే మసకబారి, తుడిచేసినట్టయి, దాని మీద ఇంకెవరిదో నీలం పేరు తేలింది. నేను ఒక కప్పు కాఫీ కూడా పూర్తిచేయలేదు. ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో, అన్నదమ్ముల కొడుకులు ఏం దెబ్బలాడుకున్నారో మాకు తెలియదు. వెళ్ళి అడగాలంటే దిగాలి. దిగితే శని మధ్యలో దిగినట్టు. ఆయన తెర వేయమని చెప్పాడు. వేశాను. రోజూ శనికి పెట్టే నువ్వుల నూనె దీపం ఆ తర్వాత ఆయన పెట్టలేదు.

బుధవారం, ఏడో ఏడాది

పొద్దున్న కళ్ళు తెరిచేసరికి సోముకి నా వయసు వచ్చింది. ఆరేళ్ళ తేడా ఆరు రోజుల్లో కరిగిపోయింది. ఉప్మా తింటూ ఒక్కసారి తట్టింది, నేను ఈ చెంచా కింద పెట్టేలోపు వాడు నాకంటే రెండు పూటలు పెద్దవాడవుతాడని. చెంచా కింద పెట్టలేకపోయాను.

వాడు పెద్దవాడవడం గురించి కాదు నా బాధ. అక్కగా ఉండటం తప్ప నాకు ఇంకేదీ సరిగ్గా చేతకాలేదు. ముహూర్తాలు ఎవరైనా పెడతారు.

అప్పలకొండ జుట్టులో ఒక తెల్ల వెంట్రుక వచ్చింది. వాళ్ళ పిల్ల బడికి వెళ్తోందిట. నేను అడక్కముందే తనే చెప్పింది, సోముకి ఆడపిల్ల పుట్టిందని, వాడు మాత్రం ఈ మధ్య లాబీకి రావడం మానేశాడని.

గురువారం, ఎనిమిదో ఏడాది

సాయంత్రం ఆరింటికి ఏలినాటి శని పూర్తవుతుంది. ఇంకొక్క పూట. కలిసి దిగుదామని వీరభద్రం గారు నిన్నే అన్నారు. సరేనన్నాను, ఎందుకంటే ఒంటరిగా దిగే ధైర్యం లేదు.

ఒంటిగంట దాటాక, అన్నం తిని కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట వాన, నీళ్ళన్నీ బూడిద రంగు. ఆ నీళ్ళలో, సరిగ్గా మా కిటికీ కింద ఉన్న రేవులో, ఒక పసుపు టగ్గు ఉంది. మరక కాదు, టగ్గే. పొగగొట్టం, టైర్లు, ముందువైపు తాడు చుట్టే పెద్ద కడ్డీ, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. చీకటి వచ్చింది, పోయింది, టగ్గు అక్కడే ఉంది. మళ్ళీ చీకటి, మళ్ళీ వెలుగు. అక్కడే ఉంది.

ఏడు రోజులుగా ఈ కిటికీలో నాకు కదిలేదేదీ కనబడలేదు. ఏదైనా కనబడాలంటే అది రోజుల తరబడి ఒక్కచోటే నిలబడాలి. ఆ సంగతి కిందివాళ్ళకి తెలుసు. గ్లాసులు తీయడానికి వచ్చిన అప్పలకొండని పిలిచి చూపించాను. ఆమె గ్లాసులు కింద పెట్టి కిటికీలోకి చూసింది. తర్వాత మెల్లిగా చెప్పింది.

"రిపేరని చెప్పి మీ తమ్ముడు గారే కట్టీసినారమ్మా అక్కడ. వారం నుంచి వానలోనే ఉన్నారు. మా అక్క కిటికీలోంచి చూస్తాదీ, కనబడాల అన్నారు."

నేను సంచీ వెతకలేదు. మంచం కింద నుంచి ఆ చీర పొట్లం ఒక్కటీ తీసుకున్నాను. వీరభద్రం గారు కునుకు నుంచి లేచి, పూట ఆగమని అనబోయి ఆగాడు. ఆయన మొహం ఈ వారంలో బాగా చిక్కిపోయింది. "అమ్మా, ఒక్క మాట చెప్పు," అన్నాడు. "నేను ఇక్కడ దాక్కుంటే శని నన్ను చూడలేదంటావా?"

ఆ మనిషికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "చూశాడో లేదో తెలీదండీ. మనవాళ్ళు మనల్ని చూడలేదు. మీరూ రండి," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత లేచి వచ్చి, లిఫ్టు తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి నేను ఎక్కేదాకా నిలబడ్డాడు. ఎక్కేటప్పుడు నేను గడియారం వైపు చూడలేదు.

కింద, ఇవాళ శనివారమట

రేవుకి వెళ్ళేసరికి టగ్గు తాడు విప్పేశారు. రిపేరు గడువు అయిపోయిందని, సోముని ఇంటికి పంపారని ఒక కళాసీ చెప్పాడు. నేను లిఫ్టులో ఉన్న ఆ కాసేపట్లోనే వెళ్ళిపోయాడు. ఆటోలో పాత పోస్టాఫీసు దాకా వెళ్ళి, దిగి, వానలో నడిచాను. మేడమీద వాటా. మెట్ల మీద చిన్న చెప్పులు ఉన్నాయి.

తలుపు తీసినవాణ్ణి చూసి ఒక్క క్షణం మా నాన్న అనుకున్నాను. పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, చెవుల దగ్గర నెరుపు. వాడు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. నేను వాడు లిఫ్టు దగ్గర వదిలిపెట్టిన మనిషిలాగే ఉన్నాను మరి, ఒక్క వారం నలిగానంతే.

"అక్కా," అన్నాడు.

ఆ గొంతు కూడా మారింది. పిలుపు మారలేదు. నేను ఏవేవో చెప్పబోయాను, రాహుకాలం గురించి, గంటన్నర గురించి. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. వాడు చివరిదాకా విన్నాడు. "చాలా కోపం వచ్చిందక్కా," అన్నాడు. "రెండేళ్ళు ఉంది. తర్వాత నీకు అది ఇంకా రెండ్రోజులే కదా అని గుర్తొచ్చింది. రెండ్రోజుల్లో నువ్వెంత ఏడ్చుంటావో అనుకున్నాను."

లోపల నుంచి హారిక వచ్చింది, చంకలో రెండేళ్ళ పాప. సన్నటి మనిషి, పెద్ద కళ్ళు. వదినా అంది, కొంచెం బెరుకుగా. పెళ్ళయి మూడేళ్ళు దాటిన తర్వాత ఆడపడుచు మొహం మొదటిసారి చూస్తున్న పిల్ల ఇంకేమంటుంది.

నేను లోపలికి అడుగుపెట్టగానే సోము హారిక చెయ్యి పట్టుకుని బయటికి, మెట్ల మీదికి దాటాడు. పైన రేకు లేదు, వాన పడుతోంది. పాప నెత్తిన చెయ్యి అడ్డం పెట్టి, "తలుపు దగ్గర నిలబడక్కా," అన్నాడు.

ఎందుకురా, తడుస్తున్నారు, లోపలికి రండి అన్నాను. వాడు కదల్లేదు.

"మా పెళ్ళినాడు మేం ఇంటికొచ్చేసరికి ఈ గుమ్మంలో ఎవరూ అడ్డం లేరు. పేర్లు చెప్పమని ఎవరూ అడగలేదు. ఎవరో వచ్చి అడుగుతానన్నారు, నేనే వద్దన్నాను. ఊరికే తలుపు తోసుకుని వెళ్ళిపోయాం. అప్పటి నుంచీ ఈ ఇంట్లోకి సరిగ్గా వచ్చినట్టు లేదు. నువ్వడుగు."

అప్పుడు అర్థమైంది. కొత్త కోడలు గడప దాటే ముందు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇద్దరి చేతా పేర్లు చెప్పించి, అప్పుడు గానీ దారి ఇవ్వదు. చిన్నప్పుడు మా మేనత్త అమ్మని అరగంట నిలబెట్టిందని మా ఇంట్లో కథలు చెప్పుకునేవాళ్ళు. నేను గుమ్మం రెండు వైపులా చేతులు ఆనించాను. నాకంటే ఏడాది పెద్దవాడు, కళ్ళజోడు మీద నీళ్ళు కారుతూ, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరొచ్చారు? పేర్లు చెబితే గానీ దారి లేదు," అన్నాను.

"నేనూ, హారికా వచ్చాం," అన్నాడు సోము.

హారిక తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వానలో తెలియలేదు. "సోమయాజులు గారూ, నేనూ వచ్చాం వదినా," అంది.

మామూలుగా అయితే ఇంకా ఏడిపించాలి, మళ్ళీ చెప్పు, వినబడలేదు అనాలి. అది ఆడపడుచు హక్కు. నేను చేతులు తీసేసి పక్కకి జరిగాను. వాళ్ళని అప్పటికే చాలాసేపు నిలబెట్టాను.